పూత ఆరేదాకా

మా ఆఫీసులో ముప్ఫై రెండు పళ్ళూ గట్టిగా ఉన్న మనిషిని ఒకప్పుడు నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. పుచ్చుపన్ను లేనివాడు సర్కారు కొలువులో ఎన్ని అగచాట్లు పడతాడో లోకానికి తెలీదు కాబట్టి చెబుతున్నాను.

మాది జిల్లా దంత సంరక్షణ కార్యాలయం. ముందు గదిలో కౌంటరు, దాని ఎదురుగా రోగులు కూర్చునే బెంచీ, పక్కన డాక్టరు వనజాక్షి గారి గది, వెనకంతా ఫైళ్ళు. మేడ మీద జాయింట్ డైరెక్టరు చిత్తరంజన్ గారు. నేను డిస్పాచ్ గుమాస్తాని. పేరు సూర్యారావు. ఆవరణలో ఒక చింతచెట్టు కూడా ఉంది. అది మా శాఖ ఆస్తే గాని, అప్పట్లో దానికి ఏ బాధ్యతా అప్పగించలేదు.

ఒకనాడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పూడ్చిన పళ్ళ అంచు పరిరక్షణ పథకం. అదేమిటో చెప్పమని వనజాక్షి గార్ని మీటింగుకి పిలిచారు.

"పన్ను పుచ్చితే తొలిచి సిమెంటు పెడతాం కదండీ. ఆ సిమెంటుకీ పన్నుకీ మధ్య సన్నటి గీత ఉంటుంది. తిన్న తీపంతా అక్కడ చేరి మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. ఆ అంచు చుట్టూ ఫ్లోరైడ్ పూత పూస్తే పన్ను గట్టిపడుతుంది, పుచ్చు అంత తొందరగా రాదు. మామూలుగా ఏడాదికి రెండుసార్లు చాలు. పూశాక కొన్ని గంటలు గట్టివి తినకూడదు, పుక్కిలించకూడదు. అంతే," అన్నారావిడ.

సర్కారు ఆఫీసులో "అంతే" అనకూడదని ఆవిడకి తెలీదు. అప్పటికి కొత్త.

చిత్తరంజన్ గారు లేచి కోటు సవరించుకున్నారు. ఆయన మామూలుగా టీ అడిగినా ఉత్తర్వు చదివినట్టే అడుగుతారు. "ప్రజల దంతములను పరిరక్షించు యంత్రాంగము యొక్క దంతములు ముందుగా పటిష్ఠముగా ఉండవలెను. కావున పథకము యొక్క తొలి లబ్ధిదారులు సిబ్బందియే. ఇక, ఏడాదికి రెండుసార్లు పూయుట వలననే ఇంత ప్రయోజనము ఉన్నచో, దినమునకు రెండుసార్లు పూయుట వలన ఎంతటి ప్రయోజనము ఉండునో విజ్ఞులైన మీరే ఊహించుకొనవచ్చును."

విజ్ఞులమైన మేము చప్పట్లు కొట్టాం. వనజాక్షి గారు ఏదో చెప్పబోయారు గాని అప్పటికే జీడిపప్పు పళ్ళాలు వచ్చేశాయి.

మర్నాటి నుంచి పూతలు మొదలయ్యాయి. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. మూడోనాడు జాయింట్ డైరెక్టరు గారికి ఆలోచన సాగింది. గట్టివి ఎందుకు తినకూడదు? పూత రాలిపోతుంది గనక. నాలుక తగిలినా పూతకి రాపిడే కదా? మాట్లాడితే నాలుక కదులుతుంది కదా? కాబట్టి పూత పూసిన తర్వాత అరగంట సేపు ఉద్యోగులెవరూ మాట్లాడరాదు. నీళ్ళు పోసి పుక్కిలించరాదన్నప్పుడు, నోట్లో ఊరేది మాత్రం నీరు కాదా? కాబట్టి ఆ అరగంటా ఉమ్మి మింగరాదు. ఆఫీసులో ఉమ్మరాదన్న నిబంధన ఎలాగూ పాతదే. మొత్తం మీద నోరు మూసి, ఊరింది ఊరినట్టు నిలవ ఉంచుకుని కూర్చోవాలి.

నిజం చెప్పాలంటే మా వాళ్ళు ఈ నిబంధనని ప్రాణంలా చూసుకున్నారు. కౌంటరులో కూర్చునే భ్రమరాంబ గారికి పూడ్చిన పళ్ళు మూడున్నాయి. సీనియారిటీలోనూ ఆవిడే ముందు, పుచ్చులోనూ ఆవిడే ముందు. ఆవిడ తన ముందు ఒక అట్ట నిలబెట్టుకున్నారు. "పూత ఆరుచున్నది. మాట్లాడరాదు." ఎవరొచ్చి ఏమడిగినా బుగ్గలు పూరించి, చూపుడువేలు అట్టకేసి చూపించేవారు. అరగంట కాగానే లోపలికి వెళ్ళి ఇంకో పూత పూయించుకొచ్చేవారు. దినానికి రెండుసార్లు అన్నది అలా అరగంటకోసారి అయింది.

"నేను డాక్టర్నో, గోడలకి సున్నం వేసేదాన్నో నాకే తెలీకుండా పోయిందండీ సూర్యారావు గారూ," అని వనజాక్షి గారు బ్రష్షు పట్టుకుని నిట్టూర్చేవారు. "బయట బెంచీ మీద నిజంగా అవసరమున్నవాళ్ళున్నారు. నేనేమో పన్ను కనబడకుండా పూత మీద పూత పూస్తున్నాను."

పుచ్చుపన్ను లేనివాళ్ళలో అలజడి పుట్టింది. సాటి ఉద్యోగి హాయిగా నోరు మూసుకుంటే తాము మాత్రం జనానికి జవాబులు చెప్పాలా అని ఉద్యోగుల సంఘం అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సంఘం తరఫున కాజాల పంపిణీ జరిగింది. కాజా ముక్క ఒకటి దవడలో ఇరికించుకుని, కరిగిపోయేదాకా కదపకుండా కూర్చోవడం రివాజైంది. దసరా నాటికి అటెండరు సింహాచలంతో సహా అందరూ తలా ఒక పన్ను పూడ్పించుకున్నారు.

నేనూ నా శాయశక్తులా తిన్నాను. మా అమ్మ చిన్నప్పుడు పోసిన రాగి అంబలి మహిమో, ఊళ్ళో నమిలిన వేప పుల్లల ప్రభావమో, చొక్కా గుండీలు తెగాయి గాని పన్ను మీద చుక్కైనా పడలేదు. వనజాక్షి గారు అద్దం పెట్టి చూసి, "అచ్చం పాఠం చెప్పడానికి పెట్టుకునే బొమ్మ పళ్ళలా ఉన్నాయండీ," అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

దాంతో ఆఫీసు మొత్తానికి తెరిచి ఉన్న నోరు నాదొక్కటే అయింది. ఫోను మోగితే నేనే. కలెక్టరాఫీసు నుంచి ఎవరొచ్చినా నేనే. పాలవాడు మేడ మీద గది తలుపు తట్టినా నేనే పరుగెత్తాలి. సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోయి, ఇంటికెళ్ళి మా ఆవిడతో సైగలతో మాట్లాడేవాణ్ణి. ఆవిడ నాకూ పూత పడిందనుకుని మిఠాయి పంచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తాతారావు వచ్చాడు. నల్లటి మనిషి, తెల్లటి పంచె, చంకలో గుడ్డ సంచిలో చుట్టిన సన్నాయి. వెంట ఆయన బావమరిది గంగరాజు, డోలు వాయిస్తాడు.

"ఆయ్, నమస్కారమండి. సన్నాయి మేళం తాతారావంటారండి నన్ను. ఇదిగోనండి, ఈ ముందు పన్ను పోయినేడు ఇక్కడే పూడ్చారండి. ఇప్పుడు పక్కనంతా నల్లగా గీత దిగుతోందండి. డాక్టరమ్మగారు గుమ్మంకాడే చూసి, పూతేత్తే ఆగుద్ది, లేపోతే పన్ను మిగలదన్నారండి."

"పన్నే కదా, పోతే కట్టుడు పన్ను పెట్టించుకోవచ్చు," అన్నాను విసుగ్గా. పొద్దుటినుంచి అరిచి అరిచి ఉన్నాను.

తాతారావు నా వంక జాలిగా చూశాడు. "అట్టాగనకండి బాబూ. సన్నాయి పీక పెదాల మధ్య పట్టాలండి. పెదానికి దన్ను ఈ పన్నేనండి. ఇది కదిలిందంటే సన్నాయిలోంచి పాట రాదండి, ఉత్త గాలొత్తాది. మాగమాసంలో పెళ్ళిళ్ళు ఒప్పేసుకున్నానండి. మంగళసూత్రం కట్టేయేళ గాలూదితే ఏం బాగుంటాదండి?"

నిజమే, ఏం బాగుంటుంది? నాకు సిగ్గేసింది. బెంచీ మీద కూర్చోమన్నాను.

ఇక్కడ మా నిబంధన ఒకటి చెప్పాలి. కౌంటరు గుమాస్తా పేరు పెట్టి బిగ్గరగా పిలిస్తేనే రోగి లోపలికి వెళ్ళాలి. మా శాఖ పుట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతి. భ్రమరాంబ గారు నోరు విప్పరు గదా, కాబట్టి ఎవరి పేరూ పిలవబడదు. అరగంట ఆగి చూడమన్నాను. అరగంటకి ఆవిడ మళ్ళీ పూతకి వెళ్ళొచ్చారు.

ఉండబట్టలేక ఒకరోజు నేనే, "తాతారావు!" అని కేకేశాను. సాయంత్రానికల్లా మేడ మీదనుంచి మెమో దిగింది. "డిస్పాచ్ విభాగము వారు పంపించుటకు మాత్రమే అర్హులు. పిలుచుటకు అర్హులు కారు." పోనీ అని వనజాక్షి గారే బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోతే, జాయింట్ డైరెక్టరు గారు పూతకీ పూతకీ మధ్య దొరికిన ఖాళీలో మెట్ల మీదనుంచి ఉరిమారు. "డాక్టరు గారూ! పిలుపు లేని ప్రవేశమును ఈ కార్యాలయము చొరబాటుగా పరిగణించును!"

తాతారావు మానకుండా వచ్చేవాడు. పొద్దున్నే వచ్చి, బెంచీ మీద కూర్చుని, భ్రమరాంబ గారి నోటికేసి గుడి తలుపులు చూసినట్టు చూసేవాడు. నాతో చనువు పెరిగింది. తీరిక దొరికినప్పుడల్లా పెళ్ళిళ్ళ కబుర్లు చెప్పేవాడు.

"ఎండలో ఊరేగింపైనా కట్టం గాదండి నాకు. తెల్లార్లూ వాయించమన్నా వాయిత్తానండి. ఒక్కదానికే భయమండి."

"దేనికి?"

"చింతకాయండి. పెళ్ళిలో ఎవడో ఒక ఆకతాయి ఎదురుగా నిలబడి, ఉప్పూ కారం అద్దుకుని పచ్చి చింతకాయ కొరుకుతాడండి. అంతేనండి. నోరంతా ఊరిపోయి పీక తడిసిపోద్ది. సన్నాయి గురగురమంటాది. మా నాన్న కూడా అంతేనండి. చింతచెట్టు కనబడితే తల తిప్పుకు నడిచేవోడు. ఇక్కడా ఓటి ఉంది చూశారా, అందుకే నేను గోడవారగా వత్తాను."

నేను నవ్వాను. పక్కన గంగరాజు నవ్వలేదు. "మా బావకి ఆ పేరెత్తితే చాలండి," అని తాతారావు గడ్డం తుడవడానికి తువ్వాలందించాడు.

మార్గశిరం వచ్చేసరికి నల్ల గీత పన్ను సగానికి దిగింది. ఒక మధ్యాహ్నం తాతారావు సంచిలోంచి సన్నాయి తీసి, "ఓసారి ఇనండి," అని మెల్లగా ఊదాడు. పై స్వరం పట్టగానే పక్కనుంచి గాలి బుస్సుమంది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ బుస్సు. సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని పీకని తువ్వాలుతో తుడిచాడు. నలభై పూతలు పూసుకున్న నోళ్ళు చుట్టూ ఉన్నాయి, అవసరమున్న ఒక్క పంటికి చుక్క దొరకడం లేదు.

అప్పుడే కమిషనరు గారి రాక కబురొచ్చింది. మా ఆఫీసు నిశ్శబ్దం సంగతి రాజధాని దాకా పాకిందట. ఫిర్యాదులకి జవాబుల్లేవు, వాదనల్లేవు, మీటింగుల్లో భిన్నాభిప్రాయాల్లేవు. రాష్ట్రానికే ఆదర్శ కార్యాలయంగా ప్రకటించడానికి ఆయన స్వయంగా వస్తున్నారు.

చిత్తరంజన్ గారు స్వాగతానికి మంగళవాయిద్యం ఉండాలన్నారు. బెంచీ మీద ఎలాగూ ఉంది కదా, అదే వాయించాలన్నారు. తాతారావు ముఖం వెలిగింది. "పెద్దాయనొత్తే ఆయనకే చెప్పుకుంటానండి. ఒక్కసారి నా పేరు పిలిపించమంటాను."

కమిషనరు గారు వచ్చారు. దిగుతూనే అందరికీ దణ్ణం పెట్టి, బుగ్గలు పూరించి, వేలితో తన నోరు చూపించారు. ఆదర్శంగా ఉండాలని కారులోనే పూత పూయించుకుని వచ్చారట! మా వాళ్ళు రెండు వరుసల్లో నిలబడి, నిండు నోళ్ళతో కళ్ళు ఆర్పారు. తాతారావు జోడించబోయిన చేతులు దించేశాడు. చెప్పినా జవాబివ్వగల నోరు అక్కడ లేదు.

గంగరాజు డోలు మీద దెబ్బ వేశాడు. తాతారావు సన్నాయి ఎత్తాడు. బుస్సు. స్వరం లేదు. చెంపలు బిగించాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, మళ్ళీ బుస్సే. గంగరాజు డోలు ఆపేశాడు. కమిషనరు గారు మాత్రం పరవశించిపోయారు. నిశ్శబ్ద కార్యాలయానికి తగ్గట్టు నిశ్శబ్ద సంగీతం ఏర్పాటు చేశారనుకుని, చిత్తరంజన్ గారి వీపు తట్టి, చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు.

తాతారావు సన్నాయి దించి గుడ్డలో చుట్టేశాడు. పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు చుట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవరణలోకి వెళ్ళి, అందినకాడికి కాయలు తెంపాను. సింహాచలం క్యారేజీలోంచి ఉప్పూ కారం తీశాను. వచ్చి, కౌంటరు ముందు రెండు వరుసల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాయకి ఉప్పద్దాను, కారమద్దాను, అందరూ చూస్తుండగా పళ్ళతో కొరికి, కళ్ళు మూసుకుని "ట్టా" అని లొట్టవేశాను.

తాతారావు అలవాటు కొద్దీ గోడవైపు తిరిగిపోయాడు.

రెండో కాయకి సింహాచలం గొంతు కిందికీ పైకీ ఆడింది. మూడోదానికి అకౌంట్స్ సెక్షను మొత్తం జేబురుమాళ్ళు తీసింది. మింగకూడదు, ఉమ్మకూడదు, అప్పటికే నిలవ ఉన్నది నిండా ఉంది, దాని మీద ఇది. చిత్తరంజన్ గారి బుగ్గలు పెళ్ళి వంటలో బూరెల్లా పొంగాయి. ఆయన నాకేసి వేలు ఊపారు, కాలు నేలకి కొట్టారు. నేను ఇంకో కాయకి ఉప్పద్దాను. కమిషనరు గారు ఫైలు అడ్డం పెట్టుకున్నారు గాని ఫైలు పైనుంచి చూడకుండా ఉండలేకపోయారు.

భ్రమరాంబ గారు కౌంటరు పట్టుకుని వణికిపోతున్నారు. ఎర్రబడ్డారు. ఇంక ఆగలేక గుటక్కున అంతా మింగేసి, అన్ని నెలల మౌనాన్నీ ఒక్క కేకలో బయటపెట్టారు.

"తాతారావు గారూ! ముందు ఆ మనిషి చేతిలో చింతకాయ లాగి అవతల పారెయ్యండి!"

గది తలుపు దగ్గర వనజాక్షి గారు నిలబడి ఉన్నారు. ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు.

"కౌంటరు గుమాస్తా పేరు పెట్టి బిగ్గరగా పిలిచారు. అందరూ విన్నారు. రండి తాతారావు గారూ."

"ఇది చొరబా..." అని చిత్తరంజన్ గారు నోరు తెరిచారు. మిగతా మాట ఆయన టై మీద పడింది.

తలుపు మూసుకుంది. ఆ వెనక అందరూ ఒకేసారి మింగిన చప్పుడు వినబడింది. కమిషనరు గారు నా దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా చెయ్యి చాపారు. ఒక కాయ ఇచ్చాను. ఉప్పు కూడా అడిగారు.

నన్ను సస్పెండు చేస్తారనుకున్నాను. సర్కారు నడక నాకింకా అర్థం కాలేదన్నమాట. నెల తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. "సిబ్బంది నోరు తెరిపించుటలో చింతకాయ ప్రదర్శన అమోఘమైన ఫలితమును ఇచ్చినందున, పూత కార్యక్రమమునకు భంగము కలుగకుండ, ప్రతి కార్యాలయమునందును చింత ప్రేరకుడు అను పదవిని సృష్టించడమైనది. అభ్యర్థి దంతములు యావత్తు చెక్కుచెదరనివై ఉండవలెను." పూతలు ఆగలేదు. వాటికి విరుగుడుగా నన్ను నియమించారు. చింతచెట్టుకి నంబరు పలక కొట్టారు.

నా పని తేలికే. జనం వస్తారు, నేను కౌంటరు ముందు కాయ కొరుకుతాను, భ్రమరాంబ గారు మింగి ఒక జవాబు చెబుతారు. మొదటి కాయకి ఆవిడ చెప్పిన మొదటి జవాబు "రేపు రండి." రెండో కాయ కొరికితే గాని పేరు పిలవలేదు. కాయలు అయిపోయిన కాలంలో ఎండు చింతపండు సరఫరా చేశారు.

తాతారావు పన్ను నిలిచింది. నల్లబడ్డ చోట వనజాక్షి గారు సరిచేసి పూత పూశారు. సాయంత్రం దాకా పీక నోట పెట్టొద్దన్నారు, మాట్లాడటానికేం, ఎంతైనా మాట్లాడొచ్చన్నారు. మాఘమాసంలో మా ఆఫీసు వెనక వీధిలో పెళ్ళైతే ఆయన సన్నాయి వినబడింది. పై స్వరం సూదిలా నిలబడింది. నేను చేతిలో కాయ దాచేసుకుని విన్నాను.

ఏడాది పాటు పగలంతా పులుపు నమిలితే ఏ పళ్ళు మాత్రం ఆగుతాయి? ముందు పళ్ళు జివ్వుమన్నాయి, పైపొర అరిగింది, తర్వాత దవడ పన్నులో గుంత పడింది. వనజాక్షి గారు తొలిచి పూడ్చారు. "అంచుకి పూత పడాలండీ. పులుపు మానెయ్యండి," అన్నారు. పన్ను చెక్కుచెదిరింది గనక పదవి ఊడింది. నా స్థానంలోకి మనిషి కావాలంటే, చెక్కుచెదరని పళ్ళున్నవాడు శాఖలో లేడు. కాబట్టి మళ్ళీ ఎవరి పేరూ పిలవడం లేదు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ బెంచీ అంత గట్టిగా ఉంటుందని ఎరగను. భ్రమరాంబ గారు నాకూ ఆ అట్టనే చూపించారు.

కాసేపటికి గోడవారగా నడుచుకుంటూ తాతారావు వచ్చాడు. ఆర్నెల్లకోసారి పడే పూతకి వచ్చాడట. నా దవడ వాపు చూశాడు, కౌంటరు ముందు ఖాళీగా ఉన్న నా పాత కుర్చీ చూశాడు. అర్థమైపోయింది.

"మీకూనా అండి?"

తలూపాను.

ఆయన వెనక్కి తిరిగి బయటికెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు గోడవారగా రాలేదు. చేతిలో రెండు చింతకాయలున్నాయి. అప్పుడే నోరూరి గడ్డం తడిసింది.

"వద్దు తాతారావు గారూ. మీకు పడదుగా. సన్నాయి పాడవుతుంది."

"సన్నాయి ఇంటికాడ ఒదిలొచ్చానండి," అని కౌంటరు ముందు నా కుర్చీలో కూర్చున్నాడు. "నాన్నా, క్షమించు," అని గొణిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చింతకాయ కొరికాడు.

ఆయన ముఖమంతా ముడతలు పడిపోయింది. భ్రమరాంబ గారి గొంతు కదిలింది. ఒకసారి. రెండుసార్లు. గుటక.

"సూర్యారావు!"

నేను లేచాను. తాతారావు కళ్ళు తెరవకుండానే రెండో కాయ తీశాడు. అది ఆయన పేరుకి.